సూరత్‌లో శరత్కాలపు ఆరుబయటి మంటలు, వాటి దగ్గర భద్రత

గుజరాత్‌లోని సూరత్ నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ వానలు వెనుదిరిగింది మొదలు చలి ముదిరేదాకా ఆరుబయట ఏదో ఒక మంట వెలుగుతూనే ఉంటుంది. నవరాత్రి హారతులు, దసరా నాటి రావణ దహనం, దీపావళి టపాకాయలు, కార్తీక దీపాలు, కాపలాదారుల చలిమంటలు, లేతజొన్న కాల్చే పోంక్ బట్టీలు, ఉంబాడియు కుండల చుట్టూ పేర్చే మంటలు, చెరుకు తోటల్లో ఆకు తగలబెట్టడం, వీధి చివర చెత్త కాల్చడం అన్నీ ఈ మూడు నాలుగు నెలల్లోనే వస్తాయి. వీటిలో కొన్ని పండుగకు ప్రాణం, కొన్ని పొట్టకూటికి ఆధారం, కొన్ని మాత్రం వెలిగించనే కూడనివి.

సూరత్ విషయంలో ముందుగా చెప్పవలసింది బట్ట గురించి. దేశంలో కృత్రిమ దారంతో నేసే బట్టకు ఈ నగరమే అతి పెద్ద కేంద్రం. ఇక్కడ నేసిందే ఇక్కడివాళ్లు కడతారు, పందిళ్లకు కడతారు, కిటికీలకు వేలాడదీస్తారు, పనికిరాని ముక్కల్ని రోడ్డు పక్కన పోస్తారు. అందుకే సూరత్‌లో నిప్పు భద్రత అంటే సగం బట్ట సంగతే. మంట ఎంత ఎత్తు లేచిందన్న దానికంటే దాని పక్కన ఏముంది, ఎవరు ఏం కట్టుకుని నిలబడ్డారు అన్నవే ఎక్కువ ప్రమాదాలకు కారణమవుతాయి. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి మగ్గం పనికి వచ్చి లింబాయత్, గోడాదరా, పర్వత్ గామ్ ప్రాంతాల్లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలకు ఈ సంగతి ఇంకాస్త దగ్గరిది. వాళ్ల చేతులమీదుగా వెళ్లే బట్టే ఇది.

కాలం, గాలి

సూరత్ తాపీ నది ఒడ్డున, ఖంభాత్ సింధుశాఖకు చేరువలో ఉంది. ఏడాదిలో కురిసే సుమారు 1,200 మిల్లీమీటర్ల వానలో దాదాపు అంతా జూన్, సెప్టెంబరు నెలల మధ్యే పడుతుంది. ఆ వానకు ఖాళీ ప్లాట్లలో, రైలు పట్టాల వెంట, కాలువ గట్ల మీద గడ్డి నడుమెత్తు పెరుగుతుంది. అక్టోబరులో వాన ఆగిపోయి పగటి ఎండ 35 డిగ్రీల దాకా పోతుంటే ఆ గడ్డి నిలువునా ఎండుతుంది. దూరం నుంచి చూస్తే ఇంకా పచ్చగానే ఉన్నట్టుంటుంది. దగ్గరికి వెళ్లి కుదురు విప్పి చూస్తే అడుగున ఎండిన పోచలు గరగరలాడతాయి. నిప్పురవ్వకు అంటుకునేది ఆ అడుగే.

తీర ప్రాంతం కాబట్టి గాలి కూడా రోజులో రెండుసార్లు దిక్కు మారుస్తుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా సముద్రం వైపు నుంచి వీచే గాలి, రాత్రి పొద్దుపోయాక నేల వైపు నుంచి వీస్తుంది. మధ్యలో కొంతసేపు పూర్తిగా ఆగిపోతుంది. సాయంత్రం ఆరింటికి గాలి చూసుకుని మంట వేసినవాళ్లు, తొమ్మిదింటికి మళ్లీ చూసుకోవాలి. పొగ ఎటు వంగుతోందో గమనించడమే అందుకు తేలిక మార్గం. పొగ మనుషుల మీదికో, గుడిసెల మీదికో తిరిగిందంటే రవ్వలూ అటే పోతాయి.

నగరం చూసినవి

సూరత్ చరిత్రలో అతి పెద్ద అగ్నిప్రమాదం 1837 ఏప్రిల్ 24న మచ్ఛలీపీఠ్ ప్రాంతంలో మొదలైంది. ఒక పార్సీ గృహస్థు ఇంట్లో కాగుతున్న తారు పొంగి నిప్పంటుకుంది. ఇరుగుపొరుగువారు తమ బావుల్లోని నీళ్లు ఇవ్వడానికి ఒప్పుకోలేదని ఆనాటి వృత్తాంతాలు చెబుతున్నాయి. ఇళ్లకు వాడింది కలప, వీధులు ఇరుకు. మూడు రోజులు తగలబడి తొమ్మిది వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి, 500 మందికి పైగా చనిపోయారు. అప్పటికి ఓడరేవుగా వెనకబడుతున్న నగరాన్ని ఆ మంట ఇంకా కుంగదీసింది. మొదటి బిందెడు నీళ్లు దొరికి ఉంటే అంతదాకా వచ్చేది కాదేమో. మంట వెలిగించకముందే పక్కన నీళ్లు ఉండాలన్న నియమానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఈ నగరంలో లేదు.

ఇటీవలి కాలంలో ఎవరూ మరచిపోలేనిది 2019 మే 24. సర్థాణా ప్రాంతంలోని తక్షశిలా ఆర్కేడ్ భవనం పై అంతస్తులో, తాత్కాలికంగా వేసిన కప్పు కింద తరగతులకు వచ్చిన 22 మంది విద్యార్థులు మంటల్లో చిక్కుకునీ, పైనుంచి దూకీ ప్రాణాలు పోగొట్టుకున్నారు. 2024 మే 25న రాజ్‌కోట్‌లోని ఆటల కేంద్రంలో 27 మంది చనిపోయారు. ఇవి రెండూ ఎండాకాలంలో జరిగినవే, కట్టడాల లోపలివే. అయినా ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. తేలికగా అంటుకునే సరుకుతో తాత్కాలికంగా లేపిన కట్టడాలు ఎంత వేగంగా కాలిపోతాయో ఈ రెండూ చూపించాయి. శరత్కాలంలో సూరత్ నిండా లేచే గర్బా పందిళ్లు, టపాకాయల దుకాణాలు అలాంటి తాత్కాలిక కట్టడాలే.

బట్ట ఎలా కాలుతుంది

బట్టల బజారులో సరుకు గుర్తుపట్టడానికి వ్యాపారులు చేసే పాత పరీక్ష ఒకటుంది. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపిస్తారు. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వస్తుంది, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టర్ పోగైతే నిప్పు తగలకముందే ముడుచుకుని వెనక్కి పోతుంది, కరుగుతుంది, నల్లటి పొగ వదులుతుంది, చివరకు గట్టి పూసలా మిగులుతుంది. ఉన్నిపోగు వెంట్రుక కాలిన వాసనతో నల్లబడి, నిప్పు తీసేయగానే ఆరిపోతుంది.

ఆ గట్టి పూసే చర్మానికి శత్రువు. పాలిస్టర్ దాదాపు 250, 260 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నైలాన్‌లో కొన్ని రకాలు ఇంకా ముందే కరుగుతాయి. కరిగిన జిగురు ఒంటికి అంటుకుని, చల్లారేదాకా లోపలికి కాలుస్తూ పోతుంది. అందువల్ల మచ్చ చిన్నదిగా కనిపించినా గాయం లోతుగా ఉంటుంది. అలాగని పల్చటి నూలు చీర క్షేమమనీ అనుకోవడానికి లేదు. అది కరగదు గానీ ఒక్క ఊపులో మంట పైకి పాకుతుంది. నూలూ పాలిస్టరూ కలిపి నేసిన బట్ట అన్నిటికంటే మొండిది. పాలిస్టర్ కరిగి కారిపోకుండా నూలు దాన్ని పట్టి ఉంచుతుంది, మంట ఇంకా వేడిగా, ఎక్కువసేపు మండుతుంది.

కాబట్టి మంట దగ్గరికి వెళ్లేవారికి బట్ట రకంతో పాటు దాని తీరూ ముఖ్యమే. బిగుతుగా నేసిన మందపాటి నూలు బట్ట, ఒంటికి దగ్గరగా ఉండే కుట్టు మేలు. వేలాడే పైటకొంగు నడుముకు దోపుకోవాలి, దుపట్టా వెనక్కి ముడేసుకోవాలి. టపాకాయలు కాల్చే పిల్లలకు జార్జెట్ లంగాలు, నైలాన్ గౌన్లు వేయకూడదు. పండుగ పూట కొత్తబట్ట వేయొద్దని ఏ తల్లికైనా చెప్పడం కష్టం. పూజయ్యాక, టపాకాయల ముందు బట్టలు మార్చమని మాత్రం గట్టిగానే చెప్పాలి. తెలంగాణ పల్లెల నుంచి వెంట తెచ్చుకున్న గొంగడి ఇంట్లో ఉంటే, ఆ రాత్రి దాన్ని వాకిట్లో చేతికందేలా పెట్టుకోవడం మంచిది. ఉన్ని తొందరగా అంటుకోదు, కరిగి కారదు. ఒంటిమీది మంటను కప్పి ఆర్పడానికి అంతకంటే మంచి బట్ట దొరకదు. బజారులో దొరికే మెత్తటి పాలిస్టర్ దుప్పటి ఆ పనికి పనికిరాదు.

గర్బా మైదానం

నవరాత్రుల్లో అమ్మవారి ముందు చిల్లుల మట్టికుండలో దీపం వెలిగించి, దాని చుట్టూ గర్బా ఆడడం గుజరాత్ ఆచారం. దీపం కుండలో ఉన్నంతవరకూ భయం లేదు. హారతి పళ్లేలు చేతులు మారేటప్పుడు, మీటర్ల కొద్దీ కుచ్చులున్న ఛణియాలు (గుజరాతీ లంగాలు) తిరిగే చోట నేలమీద ప్రమిదలు వరసగా పెట్టినప్పుడు జాగ్రత్త కావాలి. దీపాలను నడుము ఎత్తున్న అరుగుమీద పెట్టి, ఆడేవాళ్లకూ దానికీ మధ్య తాడు కట్టడం చాలు.

పందిళ్లకు సంబంధించి భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 8758 పేరుతో సూచనలు ఇచ్చింది. సింథటిక్ బట్టలు, సింథటిక్ తాళ్లు వాడకూడదు, కప్పు కనీసం 3 మీటర్ల ఎత్తుండాలి, కరెంటు తీగల కింద పందిరి వేయకూడదు అన్నవి అందులో ముఖ్యమైనవి. సింథటిక్ బట్టకు పుట్టినిల్లయిన నగరంలో మొదటి నియమం పాటించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. చవకగా, రంగురంగులుగా, తానులకు తానులు చేతికందే బట్ట అదే. అయినా ఈ ఒక్క దగ్గర నిర్వాహకులు ఖర్చుకు వెనకాడకూడదు. పందిట్లోకి వెళ్లేవారు చేయగలిగింది, ఆట మొదలవ్వకముందే బయటికి దారులెన్ని ఉన్నాయో చూసుకోవడం. వచ్చిన దారినే అందరూ వెనక్కి పరుగెత్తుతారు. రెండో దారి తెలిసినవారు తామూ బయటపడతారు, నలుగురికీ చూపిస్తారు.

రావణ దహనం

ఉత్తరప్రదేశ్, బిహార్, రాజస్థాన్‌ల నుంచి వచ్చి స్థిరపడ్డవారు లక్షల్లో ఉన్నందువల్ల సూరత్‌లో రావణ దహనానికి పెద్ద జనం వస్తారు. బొమ్మ లోపల వెదురు బద్దలు, పైన కాగితం, బట్ట, పొట్టలో టపాకాయలు. కాలుతూ అది ఏ వైపైనా ఒరగవచ్చు. ఒరిగితే తన ఎత్తంత దూరం పడుతుంది, లోపలి టపాకాయలు ఇంకా అవతలికి చిమ్ముతాయి. బొమ్మ ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో, గాలి వీచే దిక్కుకు వెన్ను చూపేలా నిలబడితే ముఖం మీదికి రవ్వలు రావు.

జనం నిలబడిన చోటు కూడా భద్రంగా ఉండాలి. 2018 అక్టోబరు 19న అమృత్‌సర్‌లో రావణ దహనం చూస్తూ రైలు పట్టాల మీద నిలబడ్డ జనం మీదికి రైలు దూసుకొచ్చి దాదాపు 60 మంది చనిపోయారు. మంట ఎవరినీ తాకలేదు. టపాకాయల మోతలో రైలు కూత వినపడలేదు, మంట వెలుగు తప్ప కళ్లకు మరేదీ కనపడలేదు. లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాలు రైలు మార్గాన్ని ఆనుకునే ఉన్నాయి కాబట్టి ఇది ఎక్కడో జరిగిన సంగతి అని వదిలేయకూడదు.

బొమ్మ కాలిపోయాక కర్రముక్క ఇంటికి తీసుకెళ్తే శుభమని కొందరు ఎగబడతారు. అప్పటికి లోపల పేలని టపాకాయలు మిగిలే ఉంటాయి. ఆ ముక్కలకోసం పిల్లలను పంపడం ఎంత మాత్రం తగదు.

దీపావళి

తెలుగువారి కాకరపువ్వొత్తిని ఇక్కడ తారామండల్ అంటారు, చిచ్చుబుడ్డి కోఠీ అవుతుంది. దుకాణంలో ఏ పేరుతో అడిగినా, సుప్రీంకోర్టు 2018 అక్టోబరు 23న ఇచ్చిన తీర్పు ప్రకారం అమ్మవలసింది తక్కువ కాలుష్యపు హరిత టపాకాయలే. బేరియం లవణాలున్నవి, సరాలుగా అల్లినవి నిషేధం. దీపావళి రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలి. ఆకాశంలోకి వదిలే కాగితపు దీపాలు, అంటే చైనీస్ తుక్కల్‌లు, గుజరాత్‌లో నిషిద్ధం. వెలుగుతూ ఎక్కడికి పోయి పడతాయో వదిలినవారికే తెలియని వస్తువులు అవి, బట్టల గోదాముల నగరంలో వాటిని ఏ రకంగానూ సమర్థించలేము.

తాత్కాలిక దుకాణాలకు 2008 నాటి పేలుడు పదార్థాల నియమాలు వర్తిస్తాయి. షెడ్డు మండని సరుకుతో కట్టాలి, షెడ్డుకూ షెడ్డుకూ కనీసం 3 మీటర్ల ఎడం ఉండాలి, ఒకదానికొకటి ఎదురెదురుగా ఉండకూడదు, ఒకచోట 50కి మించి పెట్టకూడదు, నూనె దీపాలూ గ్యాసు దీపాలూ వాడకూడదు. టార్పాలిన్ కప్పు కింద బల్ల పరిచి అమ్మే దుకాణం కనబడితే అక్కడ కొనకపోవడమే కొనేవారు చేయగల మేలు.

కాల్చేటప్పుడు ఎక్కువగా పొరబడేది రెండు చోట్ల. ఒకటి చిచ్చుబుడ్డి. వత్తి అంటుకుందో లేదో అని ముఖం వంచి చూస్తారు, సరిగ్గా అప్పుడే అది చిమ్ముతుంది. పొడవాటి కాకరపువ్వొత్తితో, చేయి చాచి, పక్కకు తిరిగి అంటించాలి. పేలని దాన్ని మళ్లీ ముట్టించకూడదు, అరగంట ఆగి నీళ్లు పోయాలి. రెండోది ఆరిపోయిన కాకరపువ్వొత్తి. మండేటప్పుడు దాని వేడి వెయ్యి డిగ్రీల స్థాయిలో ఉంటుంది. వెలుగు పోయాక కూడా తీగ చాలాసేపు చర్మాన్ని కాల్చేంత వేడిగానే ఉంటుంది. పిల్లలు దాన్ని నేలమీద పారేస్తారు, మరో పిల్లవాడు ఒట్టికాలితో తొక్కుతాడు. ఒక ఇనుప బకెట్‌లో నీళ్లు పోసి, అయిపోయిన ప్రతి తీగనూ అందులోనే వేయడం అలవాటు చేస్తే ఈ గాయాలు దాదాపు ఉండవు. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా దీపావళి రాత్రి వచ్చే పిల్లల సంగతి పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. 2025 దీపావళికి మధ్యప్రదేశ్‌లో కాల్షియం కార్బైడ్‌తో పేలే గొట్టపు తుపాకులు ఎందరో పిల్లల కళ్లను దెబ్బతీశాయి. బొమ్మ అని చెప్పి అమ్మినా అది బొమ్మ కాదు.

సూరత్‌లో మరో చిక్కు ఉంది. దీపావళికి మగ్గాలు ఆగిపోతాయి, లాభ్ పంచమి (కార్తీక శుద్ధ పంచమి) దాకా బజారు తెరవదు. కార్మికులు ఇళ్లకు తాళాలు వేసి ఊళ్లకు పోతారు. బాల్కనీలో ఆరేసిన బట్టలు, ఎండకు కట్టిన ఆకుపచ్చ నెట్, మూలన పడేసిన అట్టపెట్టెలు అక్కడే ఉంటాయి. దారి తప్పిన తారాజువ్వ ఒకటి వచ్చి పడితే ఆర్పేవారుండరు. ఊరికి బయలుదేరే రోజు బాల్కనీ ఖాళీ చేసి, కిటికీలు మూసి, గ్యాసు రెగ్యులేటర్ కట్టేసి, పక్కింటివారికి ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లడం సామాను సర్దుకోవడంలో భాగమే అనుకోవాలి. ఉన్నవారు కూడా తారాజువ్వలను అపార్ట్‌మెంట్ల నడుమ సందుల్లోంచి కాక ఖాళీ మైదానంలోంచే వదలాలి. పార్కింగ్‌లో స్కూటర్ల మధ్య టపాకాయలు కాల్చడం పెట్రోలు ట్యాంకుల మధ్య కాల్చడమే.

కార్తీకం తెలుగు ఇళ్లలో మళ్లీ దీపాల నెల. 365 వత్తులు ఒక్కసారిగా అంటుకుంటే లేచే మంట మామూలు ప్రమిద మంట కాదు. వెడల్పాటి మట్టి మూకుడులో, ఆరుబయట, పైట దోపుకుని వెలిగించాలి. శివాలయాల్లో పౌర్ణమి నాడు కట్టే జ్వాలాతోరణం ఎండుగడ్డితో చేసేది. దానికింద నడిచేటప్పుడు చంటిపిల్లలను ఎత్తుకుని వెళ్లకపోవడం మేలు.

చలిమంటలు, కుంపట్లు

నవంబరు నెలాఖరుకు తెల్లవారుజామున చలి తెలుస్తుంది. కట్టడాల దగ్గర కాపలాదారులు, రాత్రి షిఫ్టు దిగినవారు, పాల బండ్లవారు నెగడు వేసుకుని చేతులు కాచుకుంటారు. మంటలో వేసేది చేతికి దొరికింది: మిల్లు నుంచి వచ్చిన అట్టగొట్టాలు, పార్సిల్ సంచులు, రంగు వేసిన చెక్క, ప్లైవుడ్. వీటి పొగ పీల్చడం చలికంటే హానికరం. ఎండు కట్టె, పిడకలు తప్ప మరేవీ వేయకూడదు. ఇంటి గోడకూ, పార్క్ చేసిన బండికీ, కరెంటు తీగకూ కనీసం ఏడెనిమిది మీటర్ల దూరంలో, చుట్టూ గడ్డి చెక్కేసిన నేల మీద, మోకాలి ఎత్తు మించకుండా వేసుకోవాలి. సూరత్‌లో వీధుల కింద వంటగ్యాసు పైపులు ఉంటాయి కాబట్టి వాటి గుర్తురాళ్లు ఉన్న చోట గుంట తవ్వి నిప్పు వేయకూడదు.

కట్టె అంటుకోవడం లేదని పెట్రోలు పోసేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. మండేది ద్రవం కాదు, దాని ఆవిరి. పెట్రోలు సున్నా డిగ్రీల కంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రతలో కూడా మండేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువు, నేలమీద పరుచుకుని పోసినవాడి కాళ్ల దాకా వస్తుంది. అగ్గిపుల్ల గీసిన క్షణంలో మంట అతని చుట్టూ ఉంటుంది.

ఆరుబయటి నిప్పులను సగడీలోకి, అంటే కుంపట్లోకి ఎత్తి గదిలోకి తెచ్చుకోవడం ఇంకా ప్రమాదం. ఒకే గదిలో నలుగురైదుగురు పడుకుని, దోమలకు భయపడి తలుపులు బిగించుకునే కార్మికుల గదుల్లో బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నిశ్శబ్దంగా చంపుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తే నిద్ర అనుకోకుండా వెంటనే బయటి గాలిలోకి రావాలి.

పోంక్ బట్టీలు, ఉంబాడియు

చలికాలం మొదలవగానే సూరత్‌వాసులు ఎదురుచూసేది పోంక్ కోసం. మన ఊచబియ్యానికి దగ్గరిది. లేత జొన్న కంకులను నిప్పులున్న గుంటలో, వేడి బూడిద కప్పి కాలుస్తారు. తర్వాత గుడ్డలో మూటగట్టి కర్రలతో కొట్టి గింజ రాలుస్తారు. పచ్చటి, తడి తగ్గని ఆ గింజను సేవ్‌తో, నిమ్మకాయ పిండుకుని తింటారు. కాల్చేవారు బట్టీ ముందు గంటలకొద్దీ కూర్చుంటారు, చేతులతో కంకులు తిప్పుతారు. మోచేతుల దాకా మందపాటి నూలు తొడుగులు, పక్కనే నీళ్ల తొట్టి, కంకుల కుప్పకూ బట్టీకీ మధ్య నాలుగడుగుల ఎడం ఉంటే ఈ పనిలో గాయాలు చాలా తగ్గుతాయి. తినడానికి వచ్చినవారు బట్టీ అంచుదాకా వెళ్లి ఫోటోలు తీసుకోవడం మానాలి. బూడిద కింద గుంట ఎక్కడ మొదలవుతుందో కొత్తవారికి తెలియదు.

సూరత్‌కు దక్షిణాన నవసారి, వల్సాడ్ జిల్లాల్లో జాతీయ రహదారి వెంట ఉంబాడియు అమ్ముతారు. దుంపలు, చిక్కుడుకాయలు మట్టికుండలో పెట్టి, ఆకులతో మూతి మూసి, కుండను బోర్లించి చుట్టూ ఎండు కొమ్మలు, పిడకలు పేర్చి కాలుస్తారు. కుండ విప్పేటప్పుడు ఆవిరి ఒక్కసారిగా ఎగజిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టుకోవాలి. దుకాణం దగ్గర కారు ఆపేవారు ఎండుగడ్డి మీద ఆపకూడదు. వేడెక్కిన సైలెన్సర్ ఒక్కటే దాన్ని అంటించగలదు.

చెరుకు తోటలు

బార్డోలీ చుట్టుపక్కల సహకార చక్కెర కర్మాగారాలకు చెరుకు కోతలు దీపావళి ముందూ వెనకా మొదలై వేసవి దాకా సాగుతాయి. కోతకు డాంగ్ నుంచీ, మహారాష్ట్ర ఖాందేశ్ ప్రాంతం నుంచీ కుటుంబాలు వలస వస్తాయి. పొలాల పక్కన పడావ్ అనే మజిలీల్లో, వెదురు గుంజల మీద ప్లాస్టిక్ పరదా, ఎండు చెరుకాకు కప్పిన గుడిసెల్లో ఆరు నెలలు గడుపుతారు. ఆ గుడిసె వాకిట్లోనే మూడు రాళ్ల పొయ్యి, దాని పక్కనే నిద్రపోయే చంటిబిడ్డ. ఈ వ్యాసంలో చెప్పిన అన్ని మంటల్లోనూ అతి తక్కువగా మాట్లాడుకునేదీ, అతి ఎక్కువ ఆపద ఉన్నదీ ఇదే అని నా అభిప్రాయం. గుడిసెల వరసకు పది అడుగుల అవతల, గాలివాలుకు, ఉమ్మడి వంట చోటు ఏర్పాటు చేసి మట్టిగోడ అడ్డం కట్టడానికి పెద్ద ఖర్చు కాదు. ఆ బాధ్యత పనికి పిలిపించుకున్నవారిది.

కోత అయ్యాక మిగిలిన ఆకును తగలబెట్టడం నేలకూ నష్టమే, రహదారి మీద పొగతో ప్రమాదాలకూ కారణమే. నేలమీదే పరిచి కుళ్లనిస్తే తేమ నిలుస్తుంది, ఎరువవుతుంది.

చెత్త, చిందీ

నగరంలో వెలిగించనే కూడని మంట ఇది. కుట్టు యూనిట్ల నుంచి వచ్చే కత్తిరింపు ముక్కలను చిందీ అంటారు. రాత్రి పూట ఖాళీ ప్లాట్లో దాన్ని, ప్లాస్టిక్ సంచులతో కలిపి తగలబెట్టే అలవాటు ఉంది. ఘన వ్యర్థాల నియమాల ప్రకారం వీధుల్లో, బహిరంగ ప్రదేశాల్లో చెత్త కాల్చడం నిషేధం. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరు 22న ఇచ్చిన ఆదేశంలో మామూలుగా కాల్చినవారికి 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాల్చినవారికి 25,000 రూపాయలు జరిమానా నిర్ణయించింది. నిర్లక్ష్యంగా నిప్పు వాడి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే భారతీయ న్యాయ సంహిత 287వ సెక్షన్ వర్తిస్తుంది. చెత్తకుప్పలో పాత సెంటు డబ్బానో, బ్యాటరీనో ఉంటే అది పేలుతుంది. పక్కన నిలబడి కాచుకునేది పిల్లలే.

నిప్పు ఆర్పడం

వెలిగించడానికి పదిమంది పోగవుతారు, ఆర్పడానికి ఒక్కరూ మిగలరు. పైన బూడిద చల్లగా, తెల్లగా ఉన్నా నివురు కింద నిప్పు తెల్లవారేదాకా బతికే ఉంటుంది. ఇసుక కప్పి వెళ్లిపోవడం మరీ చెడ్డ అలవాటు. సూరత్ దగ్గరి డుమస్ సముద్ర తీరంలో సరదాగా మంట వేసుకున్నవారు చేసేది అదే. ఇసుక వేడిని లోపలే పట్టి ఉంచుతుంది, పైకి ఏమీ కనపడదు. మరునాడు పొద్దున ఒట్టికాళ్లతో పరుగెత్తే పిల్లవాడికి అరికాళ్లు కాలాకే తెలుస్తుంది. నీళ్లు పోయాలి, కర్రతో కలియబెట్టాలి, మళ్లీ పోయాలి. చుయ్‌మనే చప్పుడు ఆగాక, అరచేతి వెనక భాగాన్ని దగ్గరగా పెట్టి చూడాలి. వేడి తగులుతుంటే ఇంకా ఆరలేదు. ఆ బూడిదను ప్లాస్టిక్ చెత్తబుట్టలో వేయకూడదు.

ఒంటికి నిప్పంటుకుంటే

పరుగెత్తకూడదు. పరుగు గాలిని ఇస్తుంది. ఉన్నచోటే ఆగి, నేలమీద పడి, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. పక్కనున్నవారు గొంగడి, మందపాటి నూలు దుప్పటి, గోనెపట్టా ఏది దొరికితే అది కప్పి అదమాలి, నీళ్లు పోయాలి. మంట ఆరాక కాలిన చోటును కుళాయి కింద, ధారగా పడే మామూలు చల్లటి నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. అంతసేపు ఎందుకని చాలామంది రెండు నిమిషాలకే తీసేస్తారు. చర్మం కింద వేడి అంత తొందరగా దిగదు. ప్రమాదం జరిగి గంట, రెండు గంటలు దాటినా ఈ నీటివల్ల మేలే. ఒళ్లు పెద్దమేర కాలినా, చంటిపిల్లలైనా మిగతా ఒంటికి చలి పట్టకుండా కప్పి ఉంచాలి.

ఉంగరాలు, గాజులు, మొలతాడు వాపు రాకముందే తీసేయాలి. కరిగి అంటుకున్న పాలిస్టర్ ముక్కను మాత్రం పీకకూడదు, చుట్టూ కత్తిరించి వదిలేయాలి. ఐసుగడ్డ, టూత్‌పేస్టు, సిరా, పసుపు, కాఫీపొడి ఏవీ పెట్టకూడదు. అవి గాయాన్ని చల్లబరచవు, డాక్టరు చూడకుండా అడ్డుపడతాయి. ఉతికిన పలచటి నూలుగుడ్డ వదులుగా కప్పితే సరిపోతుంది. కంట్లో రవ్వ పడితే నలపకూడదు, నొక్కకూడదు. కళ్లు, ముఖం, చేతులు, కీళ్లు కాలినా, పొగ పీల్చినా, అరచేతికంటే పెద్దమేర బొబ్బలెక్కినా ఆసుపత్రికి పోవలసిందే. సూరత్‌లో మజూరా గేట్ దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రి, నగరపాలక సంస్థకు చెందిన స్మిమెర్ పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులు.

అగ్నిమాపక దళానికి 101, అంబులెన్సుకు 108, ఏ అత్యవసరానికైనా 112. ఈ 108 సేవ 2005లో హైదరాబాద్‌లో మొదలై 2007లో గుజరాత్‌కు వచ్చింది కాబట్టి తెలుగు కుటుంబాలకు నంబరు కొత్త కాదు. ఇబ్బంది ఫోన్ ఎత్తాకే వస్తుంది. కొత్తగా వచ్చినవారికి గుజరాతీ, హిందీ తడబడతాయి, కంగారులో సొసైటీ పేరు గుర్తుకు రాదు. లింబాయత్‌లోని ఒకే వీధిలో ఒకే పోలికగా ఇరవై గల్లీలుంటాయి. ఇంటి చిరునామా, దగ్గరి బడి లేదా గుడి పేరు, బండి లోపలికి రాగల పెద్ద రోడ్డు ఏదో తెలుగు లిపిలోనే ఒక కాగితం మీద రాసి తలుపు వెనక అతికించాలి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడుల్లో చదివే పిల్లలు ఆ కాగితం చదవగలరు, హిందీలో చెప్పగలరు. నవరాత్రులకు ముందే వాళ్లచేత ఒకసారి పైకి చదివించాలి. ఫోన్ చేశాక ఒకరు పెద్దరోడ్డు మీదికి వెళ్లి బండికి ఎదురు నిలబడాలి, గల్లీ మొదట్లో అడ్డంగా పెట్టిన స్కూటర్లు తీయించాలి.